కంపెనీ చేసేది తప్పని తెలిశాక: మానేయాలా, ఉండి కొట్లాడాలా?

2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల కాల్ సెంటర్ల మీద పోలీసులు దాడులు చేసినప్పుడు అందరి కోపమూ ఫోన్లో బూతులు తిట్టిన రికవరీ ఏజెంట్ల మీదికే పోయింది. కోపం న్యాయమే, తెలంగాణలో ఆ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. మరి అప్పు తీసుకున్నవాడి మేనమామ నంబరూ, ఆఫీసులో బాసు నంబరూ ఆ ఏజెంటుకి ఎలా దొరికాయి? ఇన్‌స్టాల్ చేయగానే ఫోన్లోని కాంటాక్టులన్నీ సర్వర్‌కి ఎక్కించే కోడ్ ఎవరో కూర్చుని రాశారు, ఇంకెవరో టెస్ట్ చేసి ఓకే అన్నారు. అలాంటి సీట్లో ఉన్నవాడికి ఏ దారి మేలో చూద్దాం.

ఎక్కువమంది పట్టేది మొదటి దారే: నోరు మూసుకుని తనకిచ్చిన టికెట్ (పని) క్లోజ్ చేయడం, మిగతాది పైవాళ్లు చూసుకుంటారు అనుకోవడం. జేమ్స్ లియాంగ్ 1983 నుంచి ఫోక్స్‌వ్యాగన్‌లో ఇంజనీరు. కారుకి పొగ పరీక్ష జరుగుతోందని పసిగట్టి ఆ కాసేపు మాత్రం బుద్ధిగా నడిపించే సాఫ్ట్‌వేర్ తయారీలో ఆయన చెయ్యి ఉంది, అలాంటి సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతటా దాదాపు కోటి పది లక్షల కార్లలోకి వెళ్లింది. సూత్రధారి ఆయన కాదని లాయర్లు ఎంత వాదించినా 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలూ, 2 లక్షల డాలర్ల జరిమానా వేసింది. జీతం తీసుకునే ప్రతివాడూ దోషే అని నేననను. అదే కంపెనీలో పేరోల్ (జీతాల లెక్కల) సాఫ్ట్‌వేర్ చూసుకునేవాడి వాటా వేరు, తెలిసి తెలిసి ఆ కోడ్ రాసినవాడి వాటా వేరు. రెండోవాడికి మాత్రం ఈ దారి లేదు.

పేపర్లు పెట్టేయడం, అంటే రాజీనామా? మనశ్శాంతి ఉంటుంది, నిజమే. మీ టికెట్ మర్నాడే పక్కవాడికి అసైన్ అవుతుంది, అదీ నిజమే. పైగా అందరికీ ఒకే ఖరీదు పడదు. అమెరికాలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్న మనవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి మామూలుగా దొరికేది 60 రోజులు, పిల్లల స్కూలు, ఇంటి లోను, ఏళ్లుగా నిలబడిన గ్రీన్‌కార్డు క్యూ అన్నీ ఆ 60 రోజుల్లోనే తేలాలి. సిటిజన్ అయిన టీమ్‌మేట్ వచ్చి ‘నీకు విలువలుంటే మానేయొచ్చుగా’ అంటే ఒళ్లు మండుతుంది. అయినా ఒక చోట మానేయడమే మేలు: తప్పు పనే మొత్తం వ్యాపారమైన చోట. జనం పరువు తీసే బెదిరింపు మీద బతికే లోన్ యాప్ కంపెనీలో ఉండి లోపల్నుంచి మార్చేదేముంది? 2023లో గూగుల్ ప్లే రూలు పెట్టింది, వ్యక్తిగత లోన్ యాప్‌లు కాంటాక్టులూ ఫోటోలూ ముట్టుకోకూడదని. కట్టడి బయటినుంచే రావాల్సి వచ్చింది.

పెద్ద కంపెనీ అయితే నేను ఉండి కొట్లాడమనే అంటాను, ఒంటరిగా మాత్రం వద్దు. 2017లో గూగుల్ అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌తో ‘మేవెన్’ అనే ప్రాజెక్టు ఒప్పుకుంది, డ్రోన్ వీడియోల్లో ఏముందో ఏఐతో గుర్తించే పని. 2018లో అది బయటపడ్డాక వేలమంది ఉద్యోగులు వద్దని సంతకాలు పెట్టారు, ఓ పదిమందికి పైగా మానేశారు, జూన్ కల్లా కంపెనీ ఆ కాంట్రాక్టు పొడిగించబోమని చెప్పి, ఆయుధాలకు ఏఐ ఇవ్వబోమని కూడా రాసుకుంది. అదే కంపెనీలో 2024 ఏప్రిల్‌లో ఇజ్రాయెల్ ప్రభుత్వంతో క్లౌడ్ కాంట్రాక్టు వద్దంటూ ఆఫీసులోనే బైఠాయించినవాళ్లలో ముందు 28 మందిని, తర్వాత మరికొందరిని తీసేశారు. మధ్యలో ఏం మారింది? నా లెక్కలో ముఖ్యమైనది 2023 జనవరి. ఒక్క దెబ్బకి 12 వేల మందిని తీసేశాక, మనుషులు మానేసి పోతారన్న భయం కంపెనీకి పోయి ఉద్యోగులకు పట్టుకుంది. 2018 గెలుపు కూడా శాశ్వతం కాలేదు: మేవెన్ వేరే కంపెనీలతో నడిచింది, ఆయుధాల మాట 2025 ఫిబ్రవరిలో గూగుల్ తన నియమాల్లోంచి తీసేసింది. గూగుల్‌నైనా దాదాపు ఏడేళ్లు ఆపగలిగారు. నాకది చిన్న సంగతిగా కనిపించదు.

ఇక కాగితాలు బయటపెట్టడం. ఫేస్‌బుక్‌లో పనిచేసిన ఫ్రాన్సెస్ హాగెన్ 2021లో ఆ కంపెనీ లోపలి పత్రాలు బయటపెట్టకపోతే, తప్పుడు సమాచారాన్ని గుర్తించడానికి పెట్టే సమయంలో 87 శాతం ఒక్క అమెరికాకే పోతోందని, మనతో సహా మిగతా ప్రపంచానికి 13 శాతమని మనకు తెలిసేదే కాదు. అదే కంపెనీలో ఫేక్ అకౌంట్లు పట్టుకున్న సోఫీ జాంగ్, నోరు మెదపనని సంతకం పెట్టడం ఇష్టం లేక దాదాపు 64 వేల డాలర్లు వదులుకుంది. అన్నిటికంటే పనిచేసేది ఈ దారే, అన్నిటికంటే ఖరీదూ దీనికే. అమెరికాలో వెనక లాయర్లు, కొంత చట్టం ఉంటాయి. లోపలి తప్పులు బయటపెట్టేవాళ్ల కోసం మనం చేసుకున్న 2014 విజిల్ బ్లోయర్స్ చట్టం చూస్తే ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి గురించి, ప్రైవేటు ఐటీ ఉద్యోగికి దాంతో ఒరిగేదేం లేదు. ప్రాణాల మీదికొచ్చే విషయమైతే తప్ప ఎవరికీ ఈ సలహా ఇవ్వను, అప్పుడు కూడా ముందు లాయరుతో మాట్లాడమనే అంటాను.

హైటెక్ సిటీలో ఈఎంఐలు కడుతూ మానేస్తే రిలీవింగ్ లెటర్ ఇవ్వరేమోనని భయపడుతూ బతికేవాడికి ఇంకో దారి ఉంది, ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఫీచర్ ఇంకా డిజైన్‌లో ఉండగానే ‘ఈ పర్మిషన్ ఎందుకు, యూజర్‌కి చెబుతున్నామా’ అని మెయిల్లో అడగడం, వీలైతే ఇద్దరు ముగ్గురు కలిసి. సరైన జవాబు రాకపోతే ప్రాజెక్టు నుంచి రిలీజ్ చేయమని, అంటే తప్పించమని అడగడం. కొన్నాళ్లు ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోవాల్సి రావొచ్చు, ఆ ఏడు రేటింగూ తగ్గొచ్చు. హైక్ పోతుంది, ఉద్యోగం మాత్రం సాధారణంగా పోదు.