డి విటమినా, బి12నా: కడుపుతో ఉన్నప్పుడు ముందు ఏది చూపించుకోవాలి?

మా మరదలికి ఐదో నెల. వాళ్లమ్మకు షుగరు ఉంది, తనకూ వస్తుందేమోనని ఒకటే టెన్షన్. ల్యాబులో డి, బి12 రెండూ చేయించమన్నారు. రెండింటికీ కలిపి బాగానే అవుతుంది. ఒక్కదానికే డబ్బు పెట్టగలిగితే ఏది?

"అనంతపురం ఎండల్లో డి తక్కువేంది?" అంటుంది మా అమ్మ. ఎండ ఊళ్లో ఉంటే చాలదు, ఒంటికి తగలాలి. పొద్దుటి లేత ఎండలో డి తయారయ్యేది చాలా తక్కువ. అది బాగా తయారయ్యే మిట్టమధ్యాహ్నం, ఏప్రిల్లో ఇక్కడ ఎవరు బయటికొస్తారు? డి తక్కువున్న గర్భిణుల్లో షుగరు ఎక్కువగా కనిపించిన మాట నిజమే. మాత్ర వేస్తే తప్పుతుందా అంటే మాత్రం పరిశోధనలు ఒక్క మాట మీద లేవు.

బి12 సంగతి వేరు. అది పాలు, పెరుగు, గుడ్డు, చేప, మాంసంలోనే దొరుకుతుంది. మా మరదలు పాలు వాసనంటుంది. సంగటి, చెనిక్కాయ ఊరుబిండి, పప్పు... వీటిలో బలముంది కానీ బి12 లేదు. మైసూరులో గర్భిణులను పరిశీలిస్తే, బి12 తక్కువున్నవాళ్లలో షుగరు ఎక్కువగా బయటపడింది. వాళ్ల బరువూ ఎక్కువే, కాబట్టి తప్పంతా బి12 మీద వేయలేం.

నన్ను ఆలోచనలో పడేసింది పూణె అధ్యయనం. తల్లికి ఫోలేట్ (మాత్రల్లో ఫోలిక్ యాసిడ్‌గా ఇచ్చే విటమిన్) ఎక్కువుండి బి12 తక్కువైతే, పిల్లలకు ఆరేళ్లప్పుడు ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఎక్కువగా కనిపించింది. ఆశా అక్క ఇచ్చే ఐరన్ మాత్రలో ఫోలిక్ యాసిడ్ 500 మైక్రోగ్రాములుంటుంది, బి12 ఉండదు. అట్లని ఆ మాత్ర ఆపొద్దు. బిడ్డ ఎదుగుదలకు, తల్లి రక్తానికి అది కావాల్సిందే. పక్కన బి12 కూడా సరిపోను ఉందా అన్నదే చూడాల్సింది.

అందుకే నా ఓటు బి12కి. రోజూ పాలు, గుడ్లు తినే ఇల్లయితే డికే వేసేదాన్ని. 60,000 యూనిట్ల డి పొడి పక్కింటివాళ్లు చెప్పారని కొని తాగడం మాత్రం వద్దే వద్దు.

రెండిట్లో ఏది చేయించినా అది షుగరు పరీక్ష కాదు. షుగరుకైతే 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు. 140, ఆ పైన వస్తే గర్భిణి షుగరు. మా మరదలికి 128 వచ్చింది. బి12 తక్కువే ఉంది, డాక్టరమ్మ మాత్ర రాశారు. 24 వారాలు దాటాక గ్లూకోజు పరీక్షకు మళ్లీ రమ్మన్నారు.