వేరు కుంపటి పెట్టాలా, ప్యాచ్‌లు మోయాలా? ఓపెన్ సోర్స్ ఫోర్క్‌లో ఏది మేలు?

మాదాపూర్‌లోనో కొండాపూర్‌లోనో ఆరుగురున్న టీమ్ అనుకోండి. ప్రాడక్ట్ మొత్తం ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు మీద నిలబడి ఉంది. క్లయింట్ అడిగిన మార్పు అందులో లేదు. ఆ మార్పు కోడ్‌ని, అంటే ప్యాచ్, రాసి పంపితే రెండు నెలలైనా ఆ ప్రాజెక్టు చూసుకునే మెయింటైనర్ల నుంచి ఉలుకూ పలుకూ లేదు. శుక్రవారం స్టాండప్‌లో ఎవరో ఒకరు అనేస్తారు: "ఫోర్క్ చేసేద్దాం అన్నా, మన కోడ్ మన ఇష్టం." బటన్ నొక్కడానికి క్షణం చాలు. ఖర్చు మాత్రం తర్వాత మొదలవుతుంది. మూల ప్రాజెక్టులో సెక్యూరిటీ లోపం బయటపడిన రోజున ఆ సవరణను మన కోడ్‌లోకి తెచ్చే మనిషి ఎవరు? కింది నాలుగు దారులనూ ఈ ఒక్క ప్రశ్నతోనే తూచి చూడాలి.

ముందు మాట తేల్చుకుందాం: ఫోర్క్ అంటే ఒక ప్రాజెక్టు కోడ్‌ని కాపీ తీసుకుని వేరుగా నడపడం. ప్యాచ్ పంపడం కోసం గిట్‌హబ్‌లో తీసుకునే కాపీ పేరుకు మాత్రమే ఫోర్క్. ప్యాచ్ కలిసిపోయాక దాన్ని తీసేయొచ్చు. మూలం వెంటే నడుస్తూ, దాని పైన కొన్ని సొంత మార్పులు మోస్తే అది సాఫ్ట్ ఫోర్క్. మూలంతో తెగతెంపులు చేసుకుని, సొంత పేరుతో సొంత రిలీజులు ఇస్తే హార్డ్ ఫోర్క్, అచ్చంగా వేరు కుంపటి.

పైకి (మూల ప్రాజెక్టుకే) పంపడం

తెలుగువాళ్లకు ఇట్టే అర్థమయ్యే ఉదాహరణ ఒకటి ఉంది. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి మాటల్లో ఒకే హల్లుకు రెండు వత్తులు పడతాయి. మీ యాప్‌లో అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి కనిపిస్తున్నాయనుకుందాం. అదే మాటను వేరే తెలుగు ఫాంట్‌లో పెట్టి చూడండి. అక్కడ బాగుంటే లోపం చాలావరకు ఫాంట్‌దే. అన్ని ఫాంట్లలోనూ అలాగే ఉంటే అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని అనుమానించాలి. యాప్‌లో అడ్డదారి కోడ్ రాస్తే ఆ ఒక్క యాప్ బాగుపడుతుంది. హార్ఫ్‌బజ్‌లోనే సరిచేస్తే ఫైర్‌ఫాక్స్, క్రోమ్, లిబ్రేఆఫీస్, ఆండ్రాయిడ్ తమ తర్వాతి రిలీజుల్లో ఆ సవరణను అందుకుంటాయి. దాన్ని మళ్లీ మీరు మోయాల్సిన పని ఉండదు.

తెలుగు అనువాదాల సంగతీ ఇంతే. అనువాదాలుండే పీఓ ఫైళ్లలో మూలం ఇంగ్లీషు వాక్యం కాస్త మారినా, కొత్త ఫైలుతో కలిపినప్పుడు దాని తెలుగు వాక్యం మీద 'ఫజ్జీ' అని గుర్తు పడుతుంది. ఎవరో చూసి సరే అనేదాకా మెనూలో ఇంగ్లీషే కనిపిస్తుంది. అనువాదం కోసం ఫోర్క్ చేస్తే ప్రతి రిలీజుకీ ఈ ఫజ్జీలన్నీ మీరే దులపాలి. లిబ్రేఆఫీస్ లాంటి ప్రాజెక్టులు వెబ్‌లేట్ అనే అనువాద సైటులో అనువాదాలు నేరుగా తీసుకుంటున్నప్పుడు ఆ బరువు నెత్తికెత్తుకోవడం తెలివైన పని కాదు.

ప్యాచ్ నెలల తరబడి ఆగిపోవడానికి ఎక్కువసార్లు కారణం దాని సైజే. 800 లైన్ల ప్యాచ్‌ని ఖాళీ సమయంలో పనిచేసే మెయింటైనర్ తెరిచి చూసి పక్కన పెట్టేస్తాడు. దాన్నే మూడుగా విడగొట్టండి: టెస్ట్‌తో సహా లోపం సవరణ ఒకటి, ప్రవర్తన మారకుండా కోడ్‌ని సర్దడం రెండు, కొత్త ఫీచర్ మూడు. మొదటిది త్వరగా కలుస్తుంది, కలిశాక మీ పేరు వాళ్లకు పరిచయమవుతుంది. ఫీచర్ విషయంలో కోడ్ రాయకముందే ఇష్యూ తెరిచి "ఇలా చేస్తే తీసుకుంటారా" అని అడగడం మంచిది.

హైదరాబాద్ ఐటీ ఉద్యోగులు మరిచిపోకూడనిది ఒకటుంది. కమిట్ (కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్‌లో ఒక్కో నమోదు) కింద 'సైన్డ్-ఆఫ్-బై' లైను రాస్తే, ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకుందని మీరు హామీ ఇచ్చినట్టే. సర్వీసెస్ కంపెనీల ఒప్పందాల్లో ఆఫీసులో రాసిన కోడ్ కంపెనీకో క్లయింట్‌కో చెందుతుందని ఉండటం మామూలే. మేనేజర్ నోటిమాట సరిపోదు, మెయిల్‌లో అనుమతి తీసుకున్నాకే పంపండి.

ప్యాచ్‌ల మూట మోయడం

మూలం ఒప్పుకోలేదు, క్లయింట్ ఆగడు. అప్పుడు సాఫ్ట్ ఫోర్క్. దీన్ని తక్కువ చేసి చూడనక్కర్లేదు. లినక్స్ కెర్నెల్‌కి రియల్‌టైమ్ (గడువులోపు కచ్చితంగా స్పందించే) గుణాన్నిచ్చే ప్రీఎంప్ట్-ఆర్‌టీ ప్యాచ్‌లు దాదాపు 20 ఏళ్లు బయటే బతికాయి. ముక్కలు ముక్కలుగా లోపలికి చేరుతూ, చివరికి 2024లో 6.12 వెర్షన్‌కి అసలు కెర్నెల్‌లోనే భాగమయ్యాయి. అన్నేళ్లు నిలిచాయంటే అవి వరుస పెట్టిన ప్యాచ్‌లుగా ఉండి, కొత్త కెర్నెల్ వచ్చిన ప్రతిసారీ దాని మీదికి ఎక్కించబట్టే.

చేయాల్సిన పద్ధతి ఇది. మూలం రిలీజు ట్యాగ్ (ఆ వెర్షన్ గుర్తు) నుంచి బ్రాంచ్ (మీ మార్పుల శాఖ) తీయండి. ఒక్కో మార్పు ఒక్కో కమిట్‌గా ఉండాలి. కమిట్ సందేశంలో ఎందుకు చేశామో, పైకి పంపామా లేదా, పంపితే ఏ ఇష్యూనో రాయాలి. కొత్త రిలీజు వచ్చినప్పుడు మూలాన్ని మీ బ్రాంచ్‌లోకి మెర్జ్ చేయకుండా (కలిపేయకుండా), మీ కమిట్లను కొత్త ట్యాగ్ మీదికి రీబేస్ చేయండి (వరుసగా మళ్లీ ఎక్కించండి). తర్వాత గిట్‌లో రేంజ్-డిఫ్ నడిపితే పాత ప్యాచ్‌ల వరుసకీ కొత్త వరుసకీ తేడా పక్కపక్కన కనిపిస్తుంది. రివ్యూ చేయాల్సింది ఆ తేడానే. ఒకే కాన్‌ఫ్లిక్ట్‌ని (రెండు మార్పులు ఒకే చోట ఢీకొనడాన్ని) పదిసార్లు చేత్తో విప్పకుండా రెరెరె సెట్టింగ్ ఆన్ చేసుకోండి, ఒకసారి విప్పిన ముడిని గిట్ గుర్తుపెట్టుకుంటుంది.

మెర్జ్ ఎందుకు వద్దంటే, ఏడాది పాటు మెర్జ్‌లు చేస్తూ పోయాక "ఇందులో మన మార్పులు ఏవి, ఎందుకు?" అని అడిగితే చెప్పేవాళ్లుండరు. కాన్‌ఫ్లిక్ట్ విప్పేటప్పుడు చేసిన సవరణలు మెర్జ్ కమిట్ల లోపల దాక్కుంటాయి. రాసినవాడు ఉద్యోగం మారితే ఆ తెలివీ అతనితోనే వెళ్లిపోతుంది.

ఎక్కువగా దెబ్బతినే చోట్లు రెండు. మొదటిది డేటాబేస్ మైగ్రేషన్ (టేబుళ్ల రూపం మార్చే స్క్రిప్టు) నంబర్లు. మూలంలో చివరి మైగ్రేషన్ 214 అయితే మీరు 215 అని సొంత కాలమ్ చేరుస్తారు. నెల తర్వాత మూలమూ కొత్త టేబుల్ చేర్చే తన 215 తెస్తుంది. చివరి నంబరు ఒక్కటే చూసే ప్రాజెక్టుల్లో, మీ సర్వర్ "215 అయిపోయింది" అనుకుని వాళ్లదాన్ని దాటేస్తుంది. టేబుల్ లేకుండానే కొత్త కోడ్ నడుస్తుంది, లోపం ఎప్పుడో వారం తర్వాత ప్రొడక్షన్‌లో బయటపడుతుంది. అందుకే సొంత డేటాని వేరే టేబుళ్లలో పెట్టి, వాటి మైగ్రేషన్ల లెక్కను మూలం లెక్కతో కలపకుండా నడపాలి. రెండోది కోడ్ ఫార్మాటర్ (కోడ్ అమరికను సర్దే సాధనం). మూలంలో లేని ఫార్మాటింగ్‌ని మీ వైపు మొత్తం ఫైళ్ల మీద ఒక్కసారి నడిపితే చాలు, అప్పటి నుంచి ప్రతి రీబేస్ నరకమే.

వీటికన్నా ప్రమాదకరమైనది ఏ కాన్‌ఫ్లిక్టూ రాకుండా తప్పు కలిసిపోవడం. మీరు అనుమతి తనిఖీని ఒక ఫంక్షన్‌లో చేర్చారు. మూలం ఆ ఫంక్షన్‌ని ఉంచి, దాన్ని పిలవడం మాత్రం మానేసింది. గిట్ కిక్కురుమనదు, తనిఖీ మాత్రం జరగదు. అందుకే ప్రతి సొంత ప్యాచ్‌కీ ఒక సొంత టెస్ట్ తప్పనిసరి.

మూట ఎంత బరువు దాకా మోయొచ్చు? ఇద్దరు మనుషులు చెరి కొంత సమయం దీనికి కేటాయించే టీమ్‌కి 10 నుంచి 15 చిన్న ప్యాచ్‌లు హద్దు అని మా అంచనా. 30 దాటితే ప్లగిన్‌గానో పక్క సర్వీసుగానో బయటికి తీయడం గురించి ఆలోచించాలి.

వేరు కుంపటి

హార్డ్ ఫోర్క్‌లు గెలిచిన సందర్భాలు తీసి చూడండి. 2010 సెప్టెంబర్‌లో ఆఫీస్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌ఆఫీస్ నుంచి లిబ్రేఆఫీస్ విడిపోయింది. 2011లో కోడ్‌ని ఆటోమేటిగ్గా బిల్డ్ చేసే హడ్సన్ పేరు మీద ఒరాకిల్‌తో వివాదం వచ్చినప్పుడు జెంకిన్స్ పుట్టింది. 2004లో లైసెన్స్ మార్పు వల్ల, లినక్స్‌లో తెర మీద బొమ్మ చూపే ఎక్స్‌ఫ్రీ86ని వదిలి జనం ఎక్స్‌డాట్‌ఆర్గ్‌కి మారారు. మూడింట్లోనూ రోజూ కోడ్ రాసేవాళ్లే మూటాముల్లె సర్దుకుని కొత్త ఇంటికి వెళ్లారు. పాత పేరు పాత యజమాని దగ్గర మిగిలింది. కోడ్ ఎవరైనా కాపీ చేసుకోవచ్చు, మనుషులు కదిలితేనే ఫోర్క్ బతుకుతుంది.

లైసెన్స్ ఏ దిక్కుకు పారుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఓపెన్‌ఆఫీస్ షరతులు తక్కువున్న అపాచీ లైసెన్స్‌లోకి వెళ్లింది, లిబ్రేఆఫీస్ మార్పులనూ అదే లైసెన్స్‌లో ఇవ్వమనే ఎంపీఎల్, ఎల్‌జీపీఎల్ కింద ఉంది. అందువల్ల అపాచీ వైపు మంచి మార్పు ఏదైనా వస్తే లిబ్రేఆఫీస్ తీసుకోగలదు. ఇటు నుంచి అటు అంత తేలిగ్గా వెళ్లదు. విడిపోయాక కూడా ఒక వైపుకే నీళ్లు పారే కాలువ అది.

పేరు మార్చడమంటే లోగో మార్చడం ఒక్కటే కాదు. ప్యాకేజీ పేరు, బైనరీ పేరు, ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు, కంటైనర్ ఇమేజ్, డొమైన్ అన్నీ మారాలి. పాత పేర్లను కొన్ని రిలీజుల పాటు మారుపేర్లుగా ఉంచకపోతే వాడేవాళ్ల స్క్రిప్టులు విరిగిపోతాయి. రిలీజులకు సంతకం పెట్టే కీ కనీసం ఇద్దరి దగ్గర భద్రంగా ఉండాలి. సెక్యూరిటీ మెయిల్ చూసే మనుషులు కావాలి. లోపాలను బయటపెట్టకముందే మూలం ప్రాజెక్టు రహస్యంగా కొందరికి చెబుతుంది. ఆ కొందరిలో మీ ఫోర్క్ లేకపోతే, లోకానికంతా తెలిసిన రోజే మీకూ తెలుస్తుంది. ఆరుగురి టీమ్ ఇంత పెట్టుకుని ప్రాడక్ట్ కూడా చేయడం సాగే పని కాదు. హార్డ్ ఫోర్క్ మీ ఒక్క కంపెనీ కోసమైతే వద్దనే చెబుతాం.

మెత్తగా మొదలై గట్టిపడే ఫోర్క్‌లూ ఉన్నాయి. 2022 చివర్లో, కోడ్ దాచే సర్వర్ గిటియా నుంచి వచ్చిన ఫోర్జియో మొదట్లో గిటియా మీదికి రీబేస్ అవుతూ నడిచి, 2024 మొదట్లో హార్డ్ ఫోర్క్ అయ్యింది. దాని ఫలితం వాడేవాళ్ల మీద ఇలా పడింది: గిటియా 1.22 వరకు ఉన్న సర్వర్ ఫోర్జియో 10కి నేరుగా మారగలదు. 1.23కి వెళ్లిపోయిన సర్వర్‌కి ఆ తలుపు మూసుకుపోయింది.

లైసెన్స్ మారినప్పుడు: ఎవరో పెట్టిన కుంపటి

ప్రాజెక్టు యజమాని కంపెనీయే లైసెన్స్ షరతులు మార్చేయడం: ఈ మధ్య ఎక్కువ టీమ్‌లకు ఎదురవుతున్నది ఇదే. ఇక్కడ సొంత ఫోర్క్ మాట మరిచిపోయి, పాత వెర్షన్‌లో ఆగడం, కొత్త లైసెన్స్ ఒప్పుకోవడం, సముదాయం ఫోర్క్‌కి మారడం అనే మూడింటిలో ఎంచుకోవాలి. పాత వెర్షన్‌లో ఆగడం కొన్ని నెలల విరామం మాత్రమే.

డేటాని మెమరీలో ఉంచే రెడిస్ 2024 మార్చిలో లైసెన్స్ మార్చింది, 7.4 నుంచి కొత్త షరతులు. అదే నెలలో 7.2.4 నుంచి వాల్కీ అనే ఫోర్క్ పుట్టింది. 2025లో రెడిస్ 8కి ఏజీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ ఎంపిక కూడా చేర్చారు. మీది 7.2 అయితే మారడం సులువు: వాల్కీని మీ రెడిస్‌కి రెప్లికాగా (నకలు సర్వర్‌గా) పెట్టండి, సింక్ పూర్తవనివ్వండి, రాతలు ఆపి వాల్కీని ప్రైమరీ (ముఖ్య సర్వర్) చేయండి. 7.4కి వెళ్లిపోయి ఉంటే ఆ దారి పనిచేయదు. 7.2 తన డేటాని డిస్క్ మీద దాచే ఆర్‌డీబీ ఫార్మాట్ 11లో రాస్తే 7.4 దాన్ని 12లో రాస్తుంది, వాల్కీ దాన్ని మామూలుగా చదవనంటుంది. పూర్తి సింక్ కూడా ఆర్‌డీబీతోనే జరుగుతుంది కాబట్టి రెప్లికా కుదరదు. డంప్, రిస్టోర్ కమాండ్లూ ఆ వెర్షన్ నంబరునే మోసుకెళ్తాయి. ఇక మిగిలింది కీలను రకాన్ని బట్టి చదివి, గడువుతో సహా తిరిగి రాయడం. అందుకే లైసెన్స్ వార్త రాగానే చేయాల్సిన మొదటి పని అప్‌గ్రేడ్‌లు ఆపడం.

క్లౌడ్ సర్వర్లను కోడ్‌తో సిద్ధం చేసే టెరాఫామ్ 2023 ఆగస్టులో మారింది, దాని ఫోర్క్ ఓపెన్‌టోఫు 1.6 తొలి స్థిర రిలీజు 2024 జనవరిలో వచ్చింది. స్టేట్ ఫైల్ (ఏమేం సిద్ధం చేసిందో రాసుకునే ఫైల్) బ్యాకప్ తీసి, ఓపెన్‌టోఫుతో ఇనిట్ చేసి, ప్లాన్ (ఏం మారుతుందో చూపే కమాండ్) నడపండి. 'మార్పులు లేవు' అని వస్తేనే ముందుకు. 1.7లో వచ్చిన స్టేట్ ఎన్‌క్రిప్షన్‌ని మొదటి నెలలో ఆన్ చేయకండి. ఆన్ చేశాక ఆ ఫైల్‌ని టెరాఫామ్ చదవలేదు, వెనక్కి రావాలంటే ముందు డీక్రిప్ట్ చేయాలి.

సెర్చ్ సర్వర్ ఎలాస్టిక్‌సెర్చ్ 7.10.2 నుంచి వచ్చిన ఓపెన్‌సెర్చ్‌లో చిక్కు సర్వర్ కన్నా క్లయింట్ లైబ్రరీల దగ్గర ఎక్కువ. ఎలాస్టిక్ అధికారిక క్లయింట్లు 7.14 నుంచి అవతల ఉన్నది తమ సర్వరా కాదా అని అడిగి, కాకపోతే మాట్లాడవు. సర్వర్ మార్చే ముందే అప్లికేషన్‌లో క్లయింట్ లైబ్రరీని మార్చుకోవాలి.

తిరిగి కలవాలనుకుంటే

విడిపోయినవన్నీ విడిగానే ఉండిపోవు. 1997లో జీసీసీ కంపైలర్ నుంచి వేరుపడిన ఈజీసీఎస్ 1999లో తానే అధికారిక జీసీసీ అయ్యింది. 2014 చివర్లో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ నుంచి వెళ్లిన ఐఓజేఎస్ 2015 సెప్టెంబర్‌లో నోడ్ 4గా ఇంటికి చేరింది. కలిసే అవకాశం ఉంచుకోవాలంటే మూలం గిట్ చరిత్రని తుడిచి కొత్త రిపాజిటరీగా మొదలుపెట్టకండి, ఉమ్మడి పూర్వపు కమిట్ పోతే మెర్జ్ అన్న మాటే ఉండదు. లైసెన్స్ మార్చకండి. ఫోల్డర్ల పేర్లు సరదాకి మార్చకండి. రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ నుంచి 2016లో విడిపోయిన లీడ్ 2018 జనవరిలో తిరిగి కలిసినప్పుడు పాత పేరే నిలబెట్టారు, కోడ్‌బేస్, నియమాలు మాత్రం లీడ్‌వి.