మ్యూనిక్కా, కెమ్నిట్సా? జర్మనీలో ఎంఎస్‌కి ఏ ఊరు మేలు

మా పిన్ని కొడుకు హనుమకొండలో బీటెక్ అయ్యాక జర్మనీకి అప్లై చేశాడు. రెండు చోట్ల సీటు వచ్చింది. ఒకటి మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ, రెండోది కెమ్నిట్స్ టెక్నికల్ యూనివర్సిటీ. నేను చదివింది కెమ్నిట్స్‌లో, ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నది మ్యూనిక్‌లో. అందుకే ఫోన్ నాకొచ్చింది. వాడికంటే ముందు పిన్నే అందుకుంది. "మ్యూనిక్ అంటే మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి కూడా తెలుసురా. ఆ రెండో ఊరి పేరు చెబుదామంటే నాకు నోరే తిరగట్లేదు."

నిజమే. మనవాళ్ళలో చాలామంది దాన్ని చెమ్నిట్జ్ అనే అంటారు. అక్కడ దిగేదాకా నేనూ అలాగే అన్నాను. తూర్పు జర్మనీ రోజుల్లో, 1953 నుంచి 1990 దాకా, ఆ ఊరి పేరు కార్ల్ మార్క్స్ స్టాట్. ఊరి నడిమధ్యలో ఏడు మీటర్ల మార్క్స్ తలకాయ విగ్రహం ఇప్పటికీ ఉంది. మొండెం లేదు, తల ఒక్కటే. ఊళ్ళోవాళ్ళు ముద్దుగా "నిషెల్" అంటారు. నేను వెళ్ళిన మొదటి వారం తీసి వాట్సాప్‌లో పెట్టిన ఫోటో అదే. "ఎవర్రా ఈ గడ్డం తాత?" అని మా నాన్న అడిగాడు.

పేరు సంగతి పక్కన పెట్టి డబ్బు లెక్కకి వద్దాం. జర్మనీ చదువు ఉచితం అని ఇక్కడ పాటలా వినిపిస్తుంది. చాలా రాష్ట్రాల్లో ప్రభుత్వ యూనివర్సిటీల మట్టుకు అది నిజమే, సెమెస్టర్‌కి కొంత కాంట్రిబ్యూషన్ కడితే చాలు. కానీ స్టుట్‌గార్ట్, హైడెల్‌బర్గ్ ఉన్న బాడెన్ వుర్టెమ్‌బర్గ్ రాష్ట్రం 2017 నుంచే యూరప్ బయటివాళ్ళ దగ్గర సెమెస్టర్‌కి 1,500 యూరోలు తీసుకుంటోంది. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 శీతాకాలం సెమెస్టర్ నుంచి కొత్తగా చేరే మనలాంటివాళ్ళకి ఫీజు పెట్టింది. మాస్టర్స్‌కి సెమెస్టర్‌కి 4,000 నుంచి 6,000 యూరోలు. మావాడి కోర్సుకి 6,000. కొందరికి మినహాయింపులు ఇస్తారు, అప్లై చేసి తీరాలి. కాకపోతే వస్తుందనుకుని బడ్జెట్ వేయొద్దు. నేను 2022లో కెమ్నిట్స్‌లో చేరినప్పుడు ట్యూషన్ ఫీజు అనే మాటే లేదు. సెమెస్టర్‌కి కట్టే ఆ కాస్త డబ్బులోనే ఊళ్ళో ట్రామ్, బస్సు కూడా కలిసి వచ్చేవి.

ఇక నెల ఖర్చు. వీసా కోసం బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు వేయాలి. అందులోంచి నెలకి 992 చేతికొస్తాయి. మ్యూనిక్‌లో షేరింగ్ ఫ్లాట్‌లో ఒక గది 700, 800 మధ్య నడుస్తోంది. 750 అనుకుందాం. హెల్త్ ఇన్సూరెన్స్ దాదాపు 145. అక్కడికే 895 అయిపోయాయి, మిగిలింది 97 యూరోలు. తిండి, ఫోన్, చలికోటు అన్నీ ఆ 97లోనే. కెమ్నిట్స్‌లో 280కి గది దొరుకుతుంది, ఇన్సూరెన్స్ అంతే. మిగిలేది 567. అంటే నెలకి 470 తేడా. రెండేళ్ళకి 11,280. దానికి నాలుగు సెమెస్టర్ల ఫీజు 24,000 కలపండి. యూరో వంద రూపాయలనుకుంటే ముప్పై అయిదు లక్షల పైచిలుకు. రెండు సీట్ల మధ్య అసలు తేడా ఇది. పిన్నికి ఈ అంకె చెప్పినప్పుడు ఫోన్‌లో కాసేపు ఏమీ వినపడలేదు.

"పార్ట్‌టైమ్ చేసుకుంటా కదన్నా" అన్నాడు మావాడు. సరే, ఆ లెక్కా చూద్దాం. 2026 జనవరి నుంచి కనీస వేతనం గంటకి 13.90. క్లాసులు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు దాటితే స్టూడెంట్ ఇన్సూరెన్స్ దగ్గర చిక్కు. ఏడాది మొత్తానికి పరిమితి 140 పూర్తి రోజులు లేదా 280 సగం రోజులు. ఆ లెక్కన గట్టిగా పనిచేసినా నెలకి పన్నెండు వందలు, అదీ పెన్షన్ కోత పడకముందు. మ్యూనిక్ అద్దె ఒక్కటే అయితే పార్ట్‌టైమ్‌తో పూడ్చుకోవచ్చు, ఎంతోమంది పూడ్చుకుంటున్నారు కూడా. ఫీజు కూడా పనిచేసి కట్టాలంటే మాత్రం వారంలో ఇరవై గంటలూ దానికే పోతాయి. పరీక్షలు ఎప్పుడు చదువుతావు? ఇక్కడ సాధారణంగా ఒక సబ్జెక్టుకి మూడు ఛాన్సులు. మూడోది కూడా పోతే ఆ కోర్సు నుంచి పేరు తీసేస్తారు, అదే కోర్సు జర్మనీలో ఇంకోచోట చదువుదామన్నా కుదరదు. మన దగ్గర సప్లీలు రాసినట్టు రాస్తూ పోవడం ఉండదు. రాత్రి షిఫ్టులో పార్సిళ్ళు సర్ది, పొద్దున్నే పరీక్ష హాల్లో నిద్రకి తూలినవాడు నా రూమ్‌మేటే. మూడో ఛాన్సులో గట్టెక్కాడు. ఆ రెండు నెలలూ మా ఫ్లాట్‌లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

గది సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే కొత్తగా వచ్చేవాళ్ళు తక్కువ అంచనా వేసేది దీన్నే. ఉద్యోగం వచ్చి మ్యూనిక్ మారినప్పుడు నేను 63 మెసేజ్‌లు పెట్టాను. జవాబులు నాలుగు. రెండు చోట్ల ఇంటర్వ్యూ. అవును, ఇంటర్వ్యూనే. ఫ్లాట్‌లో ఉండే ముగ్గురూ సోఫాలో కూర్చుని, నీ హాబీలేంటి, బాత్రూమ్ కడగడం వారంలో ఎన్నోరోజు నీకు కుదురుతుంది అని అడుగుతారు. అప్పటికి నాకు ఉద్యోగం ఉంది, జర్మన్ వచ్చు. ఈ రెండూ లేకుండా సెప్టెంబర్‌లో రెండు సూట్‌కేసులతో దిగే కుర్రాడి పరిస్థితి ఊహించుకోండి. ప్రభుత్వ హాస్టల్ గదులు చవకే కానీ మ్యూనిక్‌లో వాటికోసం సెమెస్టర్ల తరబడి ఎదురుచూడాలి. ఈ కంగారులోనే మోసాలు జరుగుతాయి. "నేను లండన్‌లో ఉన్నాను, డిపాజిట్ పంపితే తాళం చెవి కొరియర్ చేస్తాను" అన్నవాడికి ఒక్క యూరో కూడా పంపొద్దు. గది దొరికినా, యజమాని సంతకం పెట్టిన కాగితం ఇస్తాడో లేదో ముందే అడగాలి. అది లేకపోతే సిటీ ఆఫీసులో అడ్రస్ రిజిస్టర్ అవ్వదు, అది అవ్వకపోతే తర్వాతి కాగితాలన్నీ అక్కడే ఆగుతాయి.

కెమ్నిట్స్‌లో నాకు విమానం ఎక్కకముందే హాస్టల్ గది ఖాయమైంది. రైషెన్‌హైనర్ వీధిలో, క్యాంపస్ పక్కనే. సమస్యల్లా వంటగదిలో పొగ అలారంతోనే. మొదటి ఆదివారం పప్పుకి పోపు పెట్టాను. ఎండుమిర్చి నూనెలో పడ్డ మరుక్షణం సీలింగ్ మీద ఆ తెల్ల డబ్బా కూయడం మొదలెట్టింది. పై అంతస్తు ఇటలీ అమ్మాయి చెప్పులు కూడా లేకుండా కిందికి పరిగెత్తింది. ఆ తర్వాత కిటికీ బార్లా తెరిచి, ఒకడు టవల్ ఊపుతుంటే ఇంకొకడు పోపు వేసేవాడు. కందిపప్పు, సోనా మసూరి ఆన్‌లైన్‌లో తెప్పించుకునేవాళ్ళం. మ్యూనిక్‌లో ఆ బాధ లేదు, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల మన సరుకుల కొట్లున్నాయి, కరివేపాకు కూడా దొరుకుతుంది. పిన్ని అడిగిన రెండో ప్రశ్న ఇదే కాబట్టి రాస్తున్నాను.

భాష విషయంలో మాత్రం చిన్న ఊరే గెలుస్తుందని నా అభిప్రాయం. మ్యూనిక్‌లో ఇంగ్లిష్‌తో రెండేళ్ళు గడిచిపోతాయి. గడిచిపోవడమే అక్కడ ఇబ్బంది. కెమ్నిట్స్‌లో బ్రెడ్ షాపు ఆవిడకి ఇంగ్లిష్ రాదు. పెద్ద వయసు వాళ్ళు స్కూల్లో నేర్చుకున్నది రష్యన్. మా వీధి చివర ఉండే ముసలావిడ ఏమడిగినా "నూ, నూ" అనేది. నో అంటోందనుకుని ప్రతిసారీ వెనక్కి తగ్గేవాణ్ణి. కెమ్నిట్స్ ఉన్న సాక్సనీ రాష్ట్రం యాసలో నూ అంటే అవును అని నాకు రెండు నెలలకి తెలిసింది. అంటే రెండు నెలల పాటు ఆవిడ ఒప్పుకుంటుంటే నేను క్షమించమంటున్నాను! ఆ యాస మధ్య పడి లేచి, డిగ్రీ చేతికొచ్చేసరికి జర్మన్‌లో బీ2, అంటే ఏ1తో మొదలయ్యే మెట్లలో నాలుగోది, పాసయ్యాను. ఇప్పుడు కార్ల కంపెనీలు కొత్తవాళ్ళని తీసుకోవడం బాగా తగ్గించాయి. ఉన్న కాసిని ఉద్యోగాలకి ముందు అడిగేది జర్మన్ ఏ లెవెల్ అనే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఉద్యోగం వచ్చినవాళ్ళకి ఇచ్చే బ్లూ కార్డ్ అనే పర్మిట్ వచ్చాక బీ1 ఉంటే 21 నెలలకే పర్మనెంట్ రెసిడెన్సీకి అప్లై చేయొచ్చు, ఏ1 మాత్రమే ఉంటే 27 నెలలు ఆగాలి.

మరి మ్యూనిక్‌లో మంచే లేదా? ఉంది, బోలెడుంది. ఆ పేరుకి విలువుంది, లేదనేవాళ్ళ మాట నమ్మొద్దు. పీహెచ్‌డీ, రీసెర్చ్, స్టార్టప్ అనుకునేవాళ్ళకి, ఇండియా తిరిగొచ్చి ఉద్యోగం చేద్దామనుకునేవాళ్ళకి అది బాగా పనికొస్తుంది. బీఎండబ్ల్యూ, సీమెన్స్ ముఖ్య కార్యాలయాలు ఊళ్ళోనే ఉన్నాయి. చదువుతూ కంపెనీలో పనిచేసే వర్క్‌స్టూడెంట్ ఉద్యోగాలు ఎక్కువ, జీతమూ ఎక్కువ. ఇంజినీరింగ్ క్లాసులు చాలావరకు ఊరి బయట గార్షింగ్‌లో, యూ6 మెట్రోలో వెళ్ళాలి. అక్కడ మ్యాథ్స్, కంప్యూటర్ బిల్డింగ్‌లో మూడో అంతస్తు నుంచి కిందికి జారుడుబండ ఉంది, పారాబోలా ఆకారంలో. పెద్ద పెద్ద వాళ్ళు బ్యాగులతో జారి క్లాసుకి పోతుంటారు. ఒకసారి నేనూ జారాను, ఇరవై ఏడేళ్ళ వయసులో. కెమ్నిట్స్‌లో అలాంటి హంగులు లేవు. ఫోక్స్‌వాగన్ ఇంజన్ల ఫ్యాక్టరీ, ఫ్రౌన్‌హోఫర్ పరిశోధనా సంస్థలు ఉన్నాయి, ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్ పని దొరుకుతుంది. అంతకుమించి పార్ట్‌టైమ్ కావాలంటే లైప్‌జిగ్ రైలెక్కాలి, గంట ప్రయాణం.

ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. 2018లో కెమ్నిట్స్‌లో ఒక హత్య తర్వాత విదేశీయులకి వ్యతిరేకంగా పెద్ద గొడవలు జరిగాయి. 2024 సాక్సనీ ఎన్నికల్లో వలసల్ని వ్యతిరేకించే ఏఎఫ్‌డీ పార్టీకి 30 శాతం పైగా ఓట్లు వచ్చాయి. నేనున్న మూడేళ్ళలో నన్నెవరూ ముట్టుకోలేదు. రెండుసార్లు ట్రామ్‌లో తాగినవాడొకడు ఏదో అరిచాడు. ఒకసారి నా బదులు ఒక స్కూలు పిల్ల వాడిమీద తిరగబడింది. మ్యూనిక్‌లో ఇలాంటిది నాకు ఇంకా ఎదురవ్వలేదు. రాత్రి పదకొండు తర్వాత ఒంటరిగా తిరగాల్సిన పనులు పెట్టుకోకపోవడం మంచిదని కెమ్నిట్స్ వెళ్ళేవాళ్ళకి చెబుతాను, ముఖ్యంగా ఆడపిల్లలకి.

పక్క దేశాల గురించి కూడా అడిగాడు మావాడు. ఆస్ట్రియాలో ప్రభుత్వ యూనివర్సిటీలు మనవాళ్ళ దగ్గర సెమెస్టర్‌కి 726.72 యూరోలు తీసుకుంటాయి, చదువయ్యాక ఉద్యోగానికి 12 నెలల గడువు. వియన్నా మంచి ఊరే, కానీ ఇంజినీర్‌కి ఉద్యోగాలు జర్మనీలో ఉన్నన్ని లేవు. స్విట్జర్లాండ్‌లో ఈటీహెచ్ జ్యూరిక్ యూనివర్సిటీ 2025 నుంచి కొత్త విదేశీ విద్యార్థులకి ఫీజు మూడు రెట్లు చేసి సెమెస్టర్‌కి 2,190 ఫ్రాంకులు పెట్టింది. చదువయ్యాక ఇచ్చేది ఆరు నెలలే. అక్కడ సీటొచ్చేంత చదువు ఉన్నవాడికి నా సలహా అక్కర్లేదు. ఇక జర్మనీలో ప్రైవేటు యూనివర్సిటీలు. కన్సల్టెన్సీవాళ్ళు మొదట చూపించేది వాటినే, ఎందుకంటే కమిషన్ వచ్చేది అక్కడే. రెండూ ప్రభుత్వ సీట్లే చేతిలో ఉన్నవాడు అటు చూడనే వద్దు.

మావాడికి నేను చెప్పింది ఇది. ఇంట్లో అప్పు లేకుండా ఆ ముప్పై అయిదు లక్షలు పెట్టగలిగితే, లేదా ఫీజు మినహాయింపు కాగితం చేతికొస్తే మ్యూనిక్ వెళ్ళు. పొలం తాకట్టు పెట్టి అయితే వద్దు. కెమ్నిట్స్‌లో చేరి, మూడు సెమెస్టర్లు చవకగా గడిపి, జర్మన్ గట్టిగా నేర్చుకుని, ఇంటర్న్‌షిప్‌కి, థీసిస్‌కి మ్యూనిక్ గానీ స్టుట్‌గార్ట్ గానీ రా. కోర్సులో తప్పనిసరి ఇంటర్న్‌షిప్ ఉంటే అది ఆ 140 రోజుల్లోకి రాదు. నేను వచ్చిన దారి అదే. కెమ్నిట్స్ నుంచి మ్యూనిక్‌కి మామూలు రైళ్ళలో దాదాపు ఆరు గంటలు, హోఫ్ అనే ఊళ్ళో మారాలి.

జర్మనీలో ఎటు వెళ్ళినా, మన డిగ్రీ కాగితాలు సరైనవేనని పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పదు. 2022 నవంబర్ నుంచి మనవాళ్ళకి తప్పనిసరి చేశారు, ఫీజు 18,000 రూపాయలు. నేను ఆ రూలు రాకముందే వచ్చి బతికిపోయాను.

"అయితే అన్నా, ఆ జారుడుబండ నిజంగానే ఉందా?" అన్నాడు చివర్లో. ఉందన్నాను. మ్యూనిక్‌లో ఫీజు మినహాయింపుకి అప్లికేషన్ పెట్టాడు, జవాబు రావాలి. ఈలోపు పిన్ని కెమ్నిట్స్ పేరు కాగితం మీద రాసుకుని పలకడం నేర్చుకుంటోందట.