మాధవరం పక్క హెవీ డ్రైవింగ్ స్కూలు: స్టీరింగు చేతికొచ్చేది ఎన్ని నిమిషాలు?

చెన్నైలో మాధవరం నుంచి రెడ్‌హిల్స్ వెళ్ళే దారిలో, లారీ షెడ్ల మధ్య ఉందీ స్కూలు. తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట కుర్రాళ్ళు హెవీ లైసెన్సు కోసం ఇక్కడికి రావడానికి పెద్ద కారణమేమీ లేదు, మాస్టర్లలో ఒకాయన తెలుగులో చెబుతాడు, అంతే. ఇక్కడి లోపాలు చుట్టుపక్కల చాలా స్కూళ్ళలోనూ ఉన్నవే కాబట్టి పేరు రాయడం లేదు. బండి గురించి చెప్పే పాఠం గట్టిది. బండి నడపనిచ్చే సమయం మాత్రం చాలదు.

ముందు వెయిటింగు సంగతి. హెవీ ఎల్లెల్లార్ (నేర్చుకునేటప్పుడు ఇచ్చే తాత్కాలిక లైసెన్సు) కావాలంటే వయసు 20 నిండాలి, కారు లైసెన్సు చేతికొచ్చి ఏడాది దాటాలి, డాక్టరు సంతకంతో ఫారం 1ఎ ఉండాలి. చదువు నిబంధన 2019లోనే తీసేశారు, ఎనిమిదో తరగతి సర్టిఫికెట్టు అడిగితే ఇవ్వక్కర్లేదు. ఎల్లెల్లార్ వచ్చాక 30 రోజులు ఆగితేగానీ టెస్టుకు వెళ్ళడానికి లేదు. ఈ స్కూలు చేసే తప్పు ఇక్కడే ఉంది. డబ్బు కట్టిన రోజే ఎల్లెల్లార్ తీయిస్తారు, ఆ తర్వాత బ్యాచి ఖాళీ లేదంటారు. ఎల్లెల్లార్ గడువు 6 నెలలే. అందులో రెండు నెలలు బ్యాచి కోసం, ఒక నెల శిక్షణకి పోతే, టెస్టు ఒకసారి తప్పినా తేదీలు మెడ మీదికొస్తాయి. బ్యాచి తేదీ రశీదు మీద రాయించుకుని, దానికి వారం ముందు ఎల్లెల్లార్ తీసుకోవడం మేలు.

ఆంధ్రా లైసెన్సుతో వచ్చేవాళ్ళకి ఇంకో మెలిక. ఉన్న లైసెన్సులో కొత్త క్లాసు చేర్చుకోవడానికి మీరు నివసించే రాష్ట్రంలోగానీ, పని చేసుకునే రాష్ట్రంలోగానీ దరఖాస్తు పెట్టాలి. చెన్నైలో గది అద్దెకు తీసుకుని అడ్రసు ప్రూఫు చూపిస్తారా, లేక ఇక్కడ నేర్చుకుని, శిక్షణ అయిందని స్కూలిచ్చే సర్టిఫికెట్టు ఫారం 5 పట్టుకెళ్ళి సొంత ఆర్టీవోలో టెస్టు ఇస్తారా అన్నది చేరే ముందే తేల్చుకోండి. ఇక చిన్న ఏనుగు (టాటా ఏస్) లాంటి బండి నడపడమే మీ పనైతే ఈ తిప్పలేవీ వద్దు. 7,500 కిలోలు మించని రవాణా బండికి కారు లైసెన్సే సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చేసింది.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. రూలు ప్రకారం హెవీకి కనీసం 30 రోజుల శిక్షణ, అందులో అసలు డ్రైవింగు 15 గంటలకు తగ్గకూడదు. ఈ స్కూల్లో ఒక ట్రిప్పుకి రెండు గంటలు, క్యాబిన్లో ఐదుగురు. తలా 24 నిమిషాలు వస్తుంది. దిగి ఎక్కి, సీటు జరుపుకుని, అద్దాలు సర్దుకునేసరికి మిగిలేది 20. ఆదివారాలు తీసేస్తే 26 రోజులు, అంటే మొత్తం 8 గంటల 40 నిమిషాలు. బండి షెడ్డుకెళ్ళిన రోజులు ఇంకా తీయలేదు. ముగ్గురే ఉన్న బ్యాచిలో చేరితే మనిషికి 35 నిమిషాల పైన పడి లెక్క సరిపోతుంది. ఎవరెంత సేపు నడిపారో రాసే రిజిస్టరు ఒకటుంటుంది, దాని పేరు ఫారం 15. నెలాఖరున ఒకేసారి సంతకాలు పెట్టమంటే పెట్టకండి. ఆ రోజు నిమిషాలు ఆ రోజే రాయించండి.

నిమిషాలతో పాటు కాలు కూడా చూసుకోవాలి. శిక్షణ బండికి మాస్టరు వైపు కూడా క్లచ్చి, బ్రేకు పెడల్స్ ఉంటాయి. మొదటి వారం ఆయన కాలు క్లచ్చి మీదే ఉంటుంది, బండి మెత్తగా కదులుతుంది, హాఫ్ క్లచ్చి వచ్చేసిందని కుర్రాడు మురిసిపోతాడు. ఆ కాలు తీసేసిన రోజు బండి ఎగిరి ఆగిపోతుంది. మీ క్లచ్చి పెడల్ మీరు తొక్కకముందే కిందికి దిగుతోందంటే నడుపుతున్నది ఆయనే. పదో రోజు నుంచి కాళ్ళు వెనక్కి పెట్టుకోమని మర్యాదగా అడగండి.

స్కూలు నిజంగా బాగా చెప్పేది గాలి బ్రేకుల పాఠం. పొద్దున స్టార్ట్ చేయగానే కదలనివ్వరు, గాలి ఒత్తిడి గేజి ముల్లు చూపిస్తారు. గాలి పట్టాక బ్రేకు పడుతుందనుకుని వస్తారు కొత్తవాళ్ళు. పార్కింగు బ్రేకు విషయంలో ఇది తలకిందులు. బ్రేకుని పట్టి ఉంచేది వెనక చాంబర్లోని స్ప్రింగు, దాన్ని నొక్కి వదిలించేది గాలి. చాలా బళ్ళలో ముల్లు 5, 6 బార్లు దాటితేగానీ అది పూర్తిగా వదలదు. 8 దగ్గర వాల్వు బుస్సుమని ఊదుతుంది, ట్యాంకులు నిండాయని గుర్తు. ముల్లు లేవకముందే గేరేసి లాగితే లైనింగు రుద్దుకుంటుంది, క్లచ్చి ప్లేటు మాడుతుంది, క్యాబిన్లోకి కాలిన వాసన వస్తుంది. ఆ వాసన ఎలా ఉంటుందో ప్రతి బ్యాచికీ ఒకసారి చూపిస్తారు (కావాలని చూపిస్తారో, బండి పాతదై వస్తుందో చెప్పలేం). సాయంత్రం ట్యాంకు అడుగున డ్రెయిన్ లాగి నీళ్ళు వదలడం, దూరం తిరిగొచ్చాక టర్బో చల్లబడేదాకా రెండు నిమిషాలు ఐడిల్లో ఉంచి ఆపడం కూడా రోజూ చేయిస్తారు. ఈ ఒక్క పాఠానికి స్కూలుకి పూర్తి మార్కులు.

శిక్షణ బండి మాత్రం పాత ఆరు టైర్ల లారీ. 2020 ఏప్రిల్ నుంచి అమ్మేవన్నీ బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బళ్ళు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చేతికొచ్చేది అలాంటిదే. పొగలో కాలుష్యం తగ్గించే యూరియా ద్రవం పోసే ట్యాంకు నీలం మూత చూపించేవాళ్ళే ఇక్కడ లేరు. ఆ ట్యాంకులో డీజిలు పోస్తే పంపు పాడవుతుంది, డీజిలు ట్యాంకులో యూరియా పోస్తే అంతకన్నా పెద్ద ఖర్చు. యూరియా అయిపోవచ్చినప్పుడు లైటు వెలిగినా పట్టించుకోకపోతే ఇంజిన్ లాగుడు దానంతటదే తగ్గిపోతుంది, కొత్త డ్రైవరేమో గేరుబాక్సు పోయిందని ఓనరుకి ఫోన్ చేస్తాడు. తెలిసిన ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఒక పూట కూర్చుని ఈ మీటరు లైట్లు విడిగా నేర్చుకోవాల్సిందే.

మలుపులు, రివర్సు పాఠం ఫరవాలేదు. ఎడమకి తిరిగేటప్పుడు వెనక టైరు ముందు టైరు జాడలో రాదు, లోపలికి కోసుకుంటూ వస్తుంది. దీన్ని ఖాళీ నీళ్ళ క్యాను పెట్టి చూపిస్తారు. క్యాను నలిగిన చప్పుడు విన్నవాడు ఎడమ అద్దం చూడకుండా మళ్ళీ తిప్పడు. చెన్నైలో ఆ క్యాను ఉన్నచోట ఎప్పుడూ ఒక స్కూటరు ఉంటుంది. తమిళ మాస్టరు బండిలో పడితే ‘ఒడి’ అంటే స్టీరింగు తిప్పమని, ‘ఇడదు’ ఎడమ, ‘వలదు’ కుడి అని ముందే తెలుసుకోండి. ‘వలదు’ని మన భాషలో విని వద్దంటున్నాడనుకుని చేయి ఆపేసినవాళ్ళు ఉన్నారు.

అసలు లేని పాఠాలు రెండు: లోడు, ఘాటు రోడ్డు. బండి నెలంతా ఖాళీగానే తిరుగుతుంది. ఖాళీ లారీ గట్టిగా తొక్కితే టైర్లు లాకై జారుతుంది. లోడు బండి అదే వేగంలో చాలా దూరం పోయాకగానీ ఆగదు. ఒకదాని మీద నేర్చిన కాలు రెండోదానికి పనికిరాదు. చెన్నై చుట్టూ ఫ్లైఓవరు ఎక్కడం తప్ప ఎత్తే లేదు. ఇక్కడినుంచి బయటపడిన కుర్రాడు తొలి ట్రిప్పులోనే మొగిలి ఘాటో తొప్పూరు ఘాటో దిగాల్సి రావచ్చు. ఏ గేర్లో ఎక్కే బండో ఆ గేర్లోనే దించాలని, డీజిలు మిగులుతుందని న్యూట్రల్ చేస్తే బ్రేకు డ్రమ్ములు వేడెక్కి పట్టు వదులుతాయని బోర్డు మీద రాస్తారు. బోర్డు మీద రాస్తే కాలికి రాదు. సీనియరు డ్రైవరు పక్కన రెండు మూడు ట్రిప్పులు కూర్చోకుండా ఒంటరిగా ఘాటు బండి ఒప్పుకోవద్దు.

డబ్బు దగ్గర రశీదు విడివిడిగా అడగండి. కేంద్రం పెట్టిన రుసుము ఎల్లెల్లార్‌కి 150, డ్రైవింగు టెస్టుకి 300, క్లాసు చేర్చడానికి 500 రూపాయలు. ‘ఆర్టీవో ఖర్చు’ అని ఒకే అంకె వేస్తే అందులో స్కూలు వాటా ఎంతో తేలదు. టెస్టులో మనవాళ్ళు తప్పేది పెద్ద విషయాల్లో కాదు. సీటు బెల్టు పెట్టుకోకపోవడం, ఎత్తు మీద ఆపి కదిలేటప్పుడు వెనక్కి జారడం, రివర్సులో ఒక్క అద్దమే చూడటం. తప్పితే 7 రోజుల తర్వాత మళ్ళీ వెళ్ళొచ్చు. మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి.

రెండేళ్ళు క్లీనరుగా తిరిగి, షెడ్డులో బండి ముందుకీ వెనక్కీ జరిపినవాడికి ఈ స్కూలు చాలు. కారు తప్ప ఏదీ ముట్టనివాళ్ళు ప్రభుత్వ అక్రెడిటేషన్ ఉన్న శిక్షణ కేంద్రం చూసుకోండి. అక్కడ హెవీ కోర్సు 38 గంటలు, 6 వారాలు, పాసైతే ఆర్టీవో టెస్టు ఉండదు. గుమ్మిడిపూండిలో ఐఆర్‌టీ (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ రోడ్ ట్రాన్స్‌పోర్ట్) వారి హెవీ శిక్షణ కేంద్రం ఉంది, ఆంధ్రా సరిహద్దు నుంచి బస్సులో వచ్చిపోయే దూరమే, అక్కడా అడిగి చూడండి.

కార్డు చేతికొచ్చాక గడువు తేదీలు రెండూ చూడండి. ట్రాన్స్‌పోర్టుది 5 ఏళ్ళు, కారుది వేరే. పెట్రోలు, గ్యాసు ట్యాంకర్లు తోలాలంటే దానికి వేరే శిక్షణ, వేరే ఎండార్స్‌మెంటు. ఈ స్కూలు ఇచ్చే ఫారం 5 దానికి పనికిరాదు.