అనంతపురంలో పొద్దున ఏడు పదికి మారినర్స్: ఎంఎల్‌బీ టీవీ చందా 2026 సీజన్‌కి కట్టొచ్చా?

ఎంఎల్‌బీ అంటే అమెరికా బేస్‌బాల్ లీగ్, దాని ఆటల్ని ఇంటర్నెట్‌లో చూపించే సర్వీసు ఎంఎల్‌బీ టీవీ. ఆ ఆటల్ని ఇక్కడ కూర్చుని చూడాలనుకునేవాళ్లు ధర కంటే ముందు గడియారం చూడాలి. న్యూయార్క్‌లో సాయంత్రం 7:05కి మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున 4:35. వారంలో ఆరు రోజులు ఆట ఉండే సీజన్‌లో, అదీ మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా, ఆ వేళకు లేచి చూడటం ఎవరివల్లా కాదు. పడమటి తీరపు జట్టు సియాటిల్ మారినర్స్ అభిమానులకు ఆ బాధ లేదు. వాళ్ల సొంత మైదానం టీ-మొబైల్ పార్క్‌లో రాత్రి ఆట 6:40కి మొదలైతే మనకు మర్నాడు పొద్దున 7:10. టవర్ క్లాక్ చుట్టుపక్కల ఉగ్గాణి, బజ్జీలు పొయ్యి దిగే వేళ. సియాటిల్‌కీ మనకీ తేడా పన్నెండున్నర గంటలు. అక్కడ వేసవి సమయం ఈ ఏడాది మార్చి 8 నుంచి నవంబరు 1 దాకా నడుస్తుంది కాబట్టి సీజన్ మొత్తానికీ ఇదే లెక్క.

చందా విలువ మీరు పొద్దున ఎన్నింటికి ఇల్లు వదులుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. పది దాకా ఇంట్లో ఉండేవాళ్లు, మధ్యాహ్నం షిఫ్టువాళ్లు, రిటైరైనవాళ్లు కళ్లు మూసుకుని ఏడాది చందా కట్టొచ్చు. ఎనిమిదిన్నరకే బండి తీసేవాళ్లు కొంచెం ఆలోచించాలి.

బంతి విసిరే పిచ్చర్‌కి గడువు పెట్టే పిచ్ గడియారం వచ్చాక, అంటే 2023 నుంచి, ఆట సగటున 2 గంటల 40 నిమిషాల దగ్గర ముగుస్తోంది. అంతకుముందు మూడు గంటలు దాటేది. ఇప్పుడు బేస్‌ల (పరుగు కోసం బ్యాటర్ చుట్టి రావాల్సిన మజిలీలు) మీద ఎవరూ లేకపోతే పిచ్చర్‌కి 15 సెకన్లు, రన్నర్ (బేస్ చేరిన బ్యాటర్) ఉంటే 18. ఆటకి తొమ్మిది ఇన్నింగ్స్ కాబట్టి ఒక్కోదానికి సుమారు 18 నిమిషాలు. 7:10కి మొదలైన ఆటలో 8:40కి ఐదో ఇన్నింగ్స్ ముగుస్తుంది, తొమ్మిది కొడుతుండగా ఏడోది మొదలవుతుంది. అంటే ఆఫీసుకు పోయేవాళ్లు స్టార్టర్‌ని (ఆట మొదలుపెట్టే పిచ్చర్) చూస్తారు, బుల్‌పెన్‌ని (తర్వాత దిగే పిచ్చర్ల దళం) చూడరు. మారినర్స్ విషయంలో ఇది చిన్న నష్టం కాదు. వీళ్ల 2026 ఆశల్లో చాలా భాగం ఏడో ఇన్నింగ్స్ తర్వాతే ఉన్నాయి.

2025 అక్టోబరు 20న టొరంటోలో జరిగింది గుర్తున్నవాళ్లకు వివరించనక్కర్లేదు. టొరంటో జట్టుతో అమెరికన్ లీగ్ ఫైనల్ ఏడో ఆట, గెలిస్తే వరల్డ్ సిరీస్ అనే ఆఖరి పోరుకి వెళ్తారు. మారినర్స్ 3-1తో ముందున్నారు, ఇంకో ఎనిమిది అవుట్లు తీస్తే చాలు. ఏడో ఇన్నింగ్స్‌లో ఇద్దరు రన్నర్లుండగా మారినర్స్ పిచ్చర్ ఎడువార్డ్ బజార్డో వేసిన బంతిని టొరంటో బ్యాటర్ జార్జ్ స్ప్రింగర్ హోమ్‌రన్ కొట్టాడు, మూడు పరుగులు. 4-3, అంతే సంగతులు. ఆట చివర్లో దిగే క్లోజర్ ఆండ్రెస్ మునోజ్‌ని అప్పుడే ఎందుకు దించలేదని మేనేజర్ డాన్ విల్సన్ మీద విరుచుకుపడనివాళ్లు లేరు. ఆ కోపంలో న్యాయం ఉంది. ఏడో ఆటలో ‘తొమ్మిదో ఇన్నింగ్స్ మనిషి’ అని ఎవరినీ దాచుకోకూడదు. 1977లో మొదలైన ఈ జట్టు ఇప్పటిదాకా వరల్డ్ సిరీస్ మెట్టెక్కలేదు. మొత్తం 30 జట్లలో అలాంటిది ఇదొక్కటే. 2001లో 116 ఆటలు గెలిచిన ఏడాది కూడా ఎక్కలేదు.

అందుకే ఈ శీతాకాలంలో జరిగిన మార్పుల్లో పేపర్లు పెద్దగా పట్టించుకోనిదే నాకు ముఖ్యంగా కనిపిస్తోంది. యువ క్యాచర్ (బ్యాటర్ వెనక బంతి అందుకునేవాడు) హ్యారీ ఫోర్డ్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చి ఎడమచేతి రిలీవర్ (స్టార్టర్ తర్వాత దిగే పిచ్చర్) హోసే ఫెరర్‌ని తెచ్చుకున్నారు. ఇన్నాళ్లూ ఎడమచేతి రిలీవర్ గేబ్ స్పయర్ ఒక్కడి మీదే పడిన భారం ఇప్పుడు ఇద్దరికి పంచొచ్చు. రిలీవర్లు మాట్ బ్రాష్, మునోజ్ ఎలాగూ ఉన్నారు. జాష్ నేలర్‌ని ఐదేళ్లకు అట్టిపెట్టుకోవడం కూడా మంచి పనే. బండలా కనిపించే ఆ ఫస్ట్ బేస్‌మన్ 2025లో 30 బేస్‌లు దొంగిలించాడు, అంటే పిచ్చర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కి పరుగెత్తి చేరాడు. వేగంతో కాదు, పిచ్చర్ కదలికని చదివి. ఇది వీడియోలో చూడాల్సిన విషయం. పిచ్చర్ కాలెత్తకముందే నేలర్ రెండడుగులు ఎక్కువ జరిగి ఉంటాడు.

మారినర్స్ క్యాచర్ కాల్ రాలీ 2025లోలా మళ్లీ 60 హోమ్‌రన్లు కొట్టాలని ఆశపడటం మాత్రం అత్యాశ. క్యాచర్‌గా ఆడుతూ అన్ని కొట్టినవాడు చరిత్రలో ఇంకొకడు లేడు. రెండు చేతులా బ్యాటింగ్ చేసేవాళ్లలో మికీ మాంటిల్ పేరిట ఉన్న 54ని కూడా దాటేశాడు. నలభై కొట్టి, సెప్టెంబరులో మోకాళ్లు బాగుంటే అదే గొప్ప. అసలు ఆశ పెట్టుకోవాల్సింది స్టార్టర్ల ఆరోగ్యం మీద. లోగన్ గిల్బర్ట్, జార్జ్ కర్బీ, బ్రైస్ మిల్లర్ ముగ్గురూ 2025లో గాయాలతో కొన్నాళ్లు కూర్చున్నారు. బ్రయాన్ వూ ఏడాదంతా నిలబడి, తీరా చివర్లో ఛాతీ కండరం పట్టేసి ఆగాడు. ఈ నలుగురితో పాటు లూయిస్ కాస్టియో వరుసగా రెండు నెలలు తమ వంతు తప్పకుండా బంతి వేస్తే డివిజన్ (లీగ్‌లో వీళ్లుండే ఐదు జట్ల గుంపు) మళ్లీ వీళ్లదే. హోర్హె పొలాంకో న్యూయార్క్ మెట్స్ జట్టుకి వెళ్లిపోవడంతో బ్యాటింగ్‌లో పడిన లోటు ఒక్కటే దిగులు.

ఇక సర్వీసు సంగతి. ఎంఎల్‌బీ టీవీలో ప్రతి ఆటకీ సొంత జట్టు ప్రసారమో ఎదుటి జట్టుదో ఎంచుకోవచ్చు. వీడియో బదులు రేడియో వ్యాఖ్యానం పెట్టుకోవచ్చు. అయిపోయిన ఆట మొత్తం చూడొచ్చు, ఆటంతా కుదించిన చిన్న వీడియో కూడా ఉంటుంది. అన్నిటికంటే పనికొచ్చేది రేడియో. ఎనిమిదిన్నరకి వీడియో ఆపి, అదే యాప్‌లో ఆడియోకి మారి, ఇయర్‌ఫోన్ పెట్టుకుని బస్సెక్కితే ఏడో ఇన్నింగ్స్ చేజారదు. స్కూటర్ మీద మాత్రం వద్దు. సియాటిల్ రేడియోలో రిక్ రిజ్ వ్యాఖ్యానం వింటే బంతి ఎటు పోయిందో చూడకుండానే తెలుస్తుంది. టీవీ వ్యాఖ్యాతలు చూపిస్తారు కానీ చెప్పరు. డేటా తేడా కూడా బాగా ఉంది. హెచ్‌డీ వీడియో గంటకు రెండున్నర నుంచి మూడు జీబీ తింటుంది, ఆట మొత్తానికి ఏడెనిమిది జీబీ. ఆడియో 128 కేబీపీఎస్ అనుకున్నా గంటకు అరవై ఎంబీ లోపే. రోజుకు 2 జీబీ ప్లాన్ ఉన్న ఫోన్‌లో వీడియో పెడితే మూడో ఇన్నింగ్స్ దాటదు. ఇంట్లో ఫైబర్ కనెక్షన్ ఉంటేనే వీడియో. ఆడియో ఒక్కటే కావాలంటే దానికి వేరే చవక చందా ఉంది. ఎనిమిదిన్నరకే బయల్దేరేవాళ్లకి నా సలహా అదే.

వీడియో ఆగాగి వస్తే తప్పు సాధారణంగా ఇంటర్నెట్ కంపెనీది కాదు. ప్రసారం సెకనుకు 60 ఫ్రేములు. పాత టీవీ, రెండు గోడల అవతల ఉన్న రౌటర్, 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మూడూ కలిస్తే బంతి గాల్లో ఉండగానే బొమ్మ ఆగిపోతుంది. టీవీని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి, వీలుంటే రౌటర్ నుంచి తీగ లాగండి. ఫోన్ నుంచి క్యాస్ట్ చేయడం కంటే టీవీలోనే యాప్ వేసుకోవడం మేలు. ఇన్నింగ్స్ మధ్య రెండు నిమిషాలకు పైగా ప్రకటన విరామం అని ఒక బోర్డు కనిపిస్తుంది, చప్పుడుండదు. కొత్తవాళ్లు స్ట్రీమ్ ఆగిందనుకుని రీస్టార్ట్ కొడతారు, తిరిగొచ్చేసరికి ఒక అవుట్ పోయి ఉంటుంది. ఊరికే వదిలేయండి.

ఫోన్‌లో స్కోరు నోటిఫికేషన్లు ఆపేయడం మర్చిపోవద్దు. వీడియో అసలు ఆట కంటే అర నిమిషం నుంచి నిమిషం దాకా వెనక ఉంటుంది, నోటిఫికేషన్ ముందే వచ్చేస్తుంది. రాలీ బ్యాట్ ఎత్తకముందే హోమ్‌రన్ కొట్టాడని ఫోన్ మోగితే ఇక చూసేదేముంది? సెట్టింగ్స్‌లో స్కోర్లు దాచే ఆప్షన్ ఉంది, సీజన్ మొదలవకముందే అది ఆన్ చేసుకోవాలి. సోమవారాలకు ఇది మరీ ముఖ్యం. సియాటిల్‌లో ఆదివారం ఆట సాధారణంగా మధ్యాహ్నం 1:10కి, మనకు ఆదివారం అర్ధరాత్రి దాటాక 1:40కి. దాన్ని సోమవారం పొద్దున రికార్డుగా చూడటమే మార్గం. షెడ్యూల్ పేజీ అమెరికా తేదీ ప్రకారం ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. శుక్రవారం కింద కనిపించే రాత్రి ఆట మనకు శనివారం పొద్దున.

ఊరు మారితే వేళ మారుతుంది. హ్యూస్టన్‌లోనూ టెక్సాస్ రేంజర్స్ మైదానంలోనూ రాత్రి ఆటలు మనకు 5:35, 5:40 ప్రాంతంలో. తూర్పు తీరం టూర్‌లో 4:10 నుంచి 4:40. కాలిఫోర్నియా జట్లు ఏంజెల్స్, అథ్లెటిక్స్ మైదానాల్లో మాత్రం మళ్లీ ఏడింటి తర్వాతే. సొంత మైదానంలో ఆడే 81కి ఈ రెండు ఊళ్లవి కలిపితే సీజన్‌లోని 162 ఆటల్లో సగానికి మించి పసిఫిక్ సమయంలోనే (సియాటిల్ గడియారం) ఉన్నాయి. ఆ లెక్కే ఈ చందాని నిలబెడుతోంది. ఇదే చందా బాస్టన్ అభిమానికైతే కట్టమని చెప్పను.

ఈ ఏడాది వీడియోకి ఇంకో ఆకర్షణ ఉంది. బంతి సరైన హద్దులో పడిందా (స్ట్రయిక్), బయట పడిందా (బాల్) అన్న అంపైర్ నిర్ణయాలపై యంత్రానికి అప్పీలు చేసే పద్ధతి 2026 నుంచి లీగ్‌లో అమల్లోకి వస్తోంది. ఒక్కో జట్టుకి రెండు అవకాశాలు, నెగ్గితే అవకాశం మిగిలే ఉంటుంది. అడిగే హక్కు బ్యాటర్, పిచ్చర్, క్యాచర్‌లకే. డగౌట్ (జట్టు కూర్చునే చోటు) నుంచి సైగ చేయకూడదు. వెంటనే టోపీనో హెల్మెట్‌నో తట్టాలి. క్రికెట్‌లో డీఆర్ఎస్ చూసినవాళ్లకు, దులీప్ ట్రోఫీకి 2024లో ఆతిథ్యమిచ్చిన ఊరికి, ఇది చెప్పక్కర్లేని సంగతి. కాకపోతే ఇక్కడ పదిహేను సెకన్ల చర్చ ఉండదు. అంచున పడ్డ బంతిని గ్లవ్‌తో లోపలికి లాగి స్ట్రయిక్ అనిపించుకోవడంలో రాలీ దిట్ట. ఇప్పుడు ఆ విద్య విలువ కొంత తగ్గుతుంది. బదులుగా ఏ బంతిని సవాలు చేయాలో తేల్చే కన్ను అతనికే ఉండాలి. మూడో ఇన్నింగ్స్‌లోనే రెండూ పోగొట్టుకుని తొమ్మిదోలో చేతులు ముడుచుకోవడం ఏ జట్టుకైనా జరగబోయేదే.

డబ్బు దగ్గరికొస్తే, 2025లో అమెరికాలో అన్ని జట్ల ఏడాది చందా 149.99 డాలర్లు, నెలకైతే 29.99, ఒక్క జట్టుకి 129.99. అంకెలు ఏటా మారతాయి, మన దేశపు పేజీలో కనిపించేదే ధర. అయినా సూత్రం ఒకటే. ఐదు నెలలకు మించి చూసేవాళ్లకు ఏడాది చందా లాభం. ఒక్క జట్టు చందాలో ఇరవై డాలర్లు మిగుల్చుకుని సెప్టెంబరులో డివిజన్ ప్రత్యర్థి హ్యూస్టన్ వేరే జట్లతో ఆడే ఆట చూడలేకపోవడం తెలివైన బేరం కాదు. సీజన్ సగానికొస్తుండగా ధర తగ్గించడం వీళ్లకు అలవాటు, జులైలో ఆల్‌స్టార్ విరామం దాకా ఆగగలిగినవాళ్లు ఆగొచ్చు.

కట్టేముందు బ్యాంక్ యాప్‌లో కార్డుకి అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేయాలి. రిజర్వ్ బ్యాంక్ 2020 నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లో వస్తుంది. ‘పేమెంట్ ఫెయిల్డ్’ అని వచ్చేవాటిలో చాలా భాగం దీనివల్లే. చాలా కార్డులు విదేశీ మారకం మీద రెండు నుంచి మూడున్నర శాతం వేస్తాయి, ఆ రుసుము మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. 150 డాలర్ల మీద మూడున్నర శాతం అంటే ఐదుంపావు, పన్నుతో కలిపి ఆరు డాలర్లు దాటుతుంది. వీపీఎన్ వాడకండి. ఇక్కడ దాని అవసరం లేదు, పెడితే యాప్ మిమ్మల్ని అమెరికాలో ఉన్నట్టు లెక్కగట్టి ఆట ఆపేయొచ్చు. బ్లాకవుట్ నియమాలు (స్థానిక జట్టు ఆట ఆ ప్రాంతంలో ఈ చందాతో రాకుండా ఆపేవి) అక్కడివాళ్లకే ఎక్కువ. సియాటిల్ పక్కనే రెడ్‌మండ్‌లో ఉన్న మీ అబ్బాయో అమ్మాయో ఇదే ఖాతాతో మారినర్స్ ఆట పెట్టబోతే తెరుచుకోదు. వాళ్లకి స్థానిక చందా వేరే కావాలి. అనంతపురంలో నాన్న చూస్తుంటే పిల్లలు స్కోరు అడగాల్సిన ఏకైక సందర్భం బహుశా ఇదే. శుక్రవారం రాత్రి ఆటల్లో కొన్నిటిని ఆపిల్‌కి అమ్మారు, మన దేశానికి వాటి సంగతేంటో బ్లాకవుట్ పేజీలో చూసుకుని కట్టండి.

చందా కట్టిన రోజే ఆటో రెన్యూవల్ కూడా తేల్చుకోండి. విదేశీ చందాలకు మన కార్డుల ఈ-మాండేట్ (ప్రతిసారీ దానంతటదే డబ్బు కట్టేందుకు మనమిచ్చే అనుమతి) ఒక్కోసారి చెల్లదు, ఒక్కోసారి తలవని తలంపుగా తెగుతుంది. నెలవారీగా కట్టేవాళ్లకు సెప్టెంబరు చివర్లో అలా తెగితే, సరిగ్గా పోస్ట్‌సీజన్ (సీజన్ తర్వాతి నాకౌట్ ఆటలు) మొదలయ్యే వారంలో తెర నల్లబడుతుంది. అక్టోబరు ఆటలు చాలామటుకు మనకు తెల్లవారుజాము ఐదున్నర ప్రాంతంలో, ఆ వేళకు బ్యాంక్ కస్టమర్ కేర్‌తో వాదించే ఓపిక ఎవరికుంటుంది? నెలవారీ ఉన్నా, సెప్టెంబరు 20 నాటికి ఒకసారి ఖాతా తెరిచి తర్వాతి చెల్లింపు తేదీ చూసుకోండి.