కాస్ట్ ఐరన్ పెనంలో మసాలా యాపిల్స్: ఎర్రగా వేగుతాయి, నల్లగా మిగులుతాయి

నల్లబడటం సంగతి ముందే చెప్పేస్తాను. ఈ పెనాలు అమ్మేవాళ్లు ఆ మాట పెద్దగా ఎత్తరు. నెయ్యి, బెల్లం, దాల్చినచెక్కతో యాపిల్ ముక్కలు పొయ్యి మీద మగ్గుతున్నంతసేపూ ఏ లోపమూ కనపడదు. పొయ్యి కట్టేసి అదే పెనంలో ఓ అరగంట వదిలేస్తే ముక్కల అంచులు బూడిద రంగుకు తిరుగుతాయి. అడుగున చేరిన రసం నల్లబడుతుంది. తింటే తీపి వెనకాల ఇనుము రుచి నాలుకకు తగులుతుంది. చాలాకాలంగా వాడుతున్న పది అంగుళాల పెనం మీద నాకున్న అసలైన ఫిర్యాదు ఇదే.

బరువు, కొత్తలో నూనె పట్టించడం లాంటివి అందరూ రాసినవే, వదిలేస్తున్నాను.

అసలు యాపిల్‌కు ఇనుప పెనమే ఎందుకు? యాపిల్‌లో దాదాపు 85 శాతం నీరే. పల్చటి స్టీలు గిన్నెలో ముక్కలు వేయగానే గిన్నె వేడి పడిపోతుంది, నీరు ఊరుతుంది, ముక్కలు వేగడం మానేసి ఉడుకుతాయి. రెండు కిలోలు దాటిన ఇనుము అంత తొందరగా చల్లారదు. ముక్క తగిలిన చోట నీరు వెంటనే ఆవిరైపోతుంది, కాయలోని చక్కెర ఎర్రబడుతుంది. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పొద్దున పూట బిస్కెట్లతో (మన బిస్కెట్లు కావు, మెత్తటి చిన్న రొట్టెలు) తినే ఫ్రైడ్ యాపిల్స్‌ను ఇనుప స్కిలెట్‌లో చేయడానికి కారణం ఇదే. ఆ ఎరుపు నాన్‌స్టిక్‌లో ఇంత బాగా రాదు.

కాకపోతే ఇనుము వేడిని బాగా పట్టి ఉంచుతుందే గానీ సమంగా పంచదు. అల్యూమినియంతో పోలిస్తే ఇందులో వేడి చాలా నిదానంగా పాకుతుంది. గ్యాసు చిన్న బర్నర్ మీద పెడితే నడిమధ్య మాడుతుంది, అంచులు చల్లగా ఉంటాయి. పెద్ద బర్నర్ మీద సన్నమంటతో మొదలుపెట్టి ఐదారు నిమిషాలు ఖాళీగా కాగనివ్వాలి, మధ్యలో రెండుసార్లు పెనాన్ని పావు చుట్టు తిప్పాలి. నీటి చుక్క వేస్తే అంటుకోకుండా దొర్లాలి, అప్పుడే నెయ్యి.

కొలతలు: నాలుగు మధ్యరకం యాపిల్స్, తూకంలో 700 గ్రాములు. తొక్క తీసి, ఒక్కో కాయను ఎనిమిది చీలికలు చేయాలి. ముక్క వెడల్పు వైపు సెంటీమీటరు కంటే తగ్గకూడదు. నెయ్యి ఒకటిన్నర పెద్ద చెంచా. ముక్కలు ఒకే వరసలో పరవాలి. పది అంగుళాల పెనంలో నాలుగు కాయల ముక్కలూ ఒకేసారి పట్టవు, రెండు వాయిలుగా వేయించక తప్పదు. ఇరికిస్తే మళ్లీ ఉడకడమే, అంత బరువు పెనం కొన్న ఫలితం పోతుంది. రెండు మూడు నిమిషాలు కదపకుండా వదిలి, తిప్పి, మళ్లీ అంతే. ముక్క వేగితే దానంతటదే పెనాన్ని వదులుతుంది. పట్టుకుని ఉందంటే ఇంకా వేగలేదన్నమాట, అట్లకాడతో గీకొద్దు.

రెండో వాయి అయ్యాక ముక్కలన్నీ కలిపి మంట తగ్గించి బెల్లం నీళ్లు పోయాలి. 40 గ్రాముల బెల్లం తురుము, మూడు పెద్ద చెంచాల వేడినీళ్లు, ఉప్పు చిటికెడు. బెల్లాన్ని నేరుగా వేస్తే అందులో ఉన్న ఇసుక పంటికింద తగులుతుంది, అందుకని కరిగించి వడకట్టడమే నయం. వేగకముందే బెల్లం వేస్తే అడుగున మాడి చేదెక్కుతుంది. తర్వాత శొంఠి పొడి పావు చెంచా, లవంగాలు రెండు నూరి, జాజికాయ నాలుగు గీతలు అరగదీసి వేయాలి. మూత పెట్టి రెండు నిమిషాలు, మూత తీసి రెండు నిమిషాలు. పాకం ముక్కలకు పట్టుకుంటే చాలు.

దాల్చినచెక్క దగ్గర జాగ్రత్త. మన కొట్లలో దొరికే మందపాటి చెక్కలో ఎక్కువ భాగం కాసియా అనే రకం. దాని పొడి నీళ్లు తగిలితే జిగురు వదులుతుంది. చెంచాడు వేస్తే పాకం బంకబంకగా సాగుతుంది. ఉత్త నెయ్యిలో పొడి వేస్తే ఈ పెనం వేడికి క్షణాల్లో మాడుతుంది. రెండంగుళాల చెక్కను నెయ్యిలో ముందే వేసి, పొడి పావు చెంచా మాత్రం చివర్లో చల్లితే ఏ గొడవా ఉండదు.

ఇక నలుపు ఎందుకొస్తుందో చూద్దాం. యాపిల్‌లో పులుపునిచ్చే మాలిక్ ఆమ్లం పెనం నుంచి ఇనుమును కొద్దికొద్దిగా కరిగిస్తుంది. యాపిల్‌లోని వగరు పదార్థాలు, లవంగం, దాల్చినచెక్కలోని వగరు, అన్నీ ఆ ఇనుముతో కలిసి ముదురు రంగు కడతాయి. గాలి తగిలేకొద్దీ ఆ రంగు ఇంకా ముదురుతుంది. వేడి మీద కనపడనిది చల్లారాక బయటపడేది అందుకే. శ్రీకాళహస్తి కలంకారీలో నలుపు పుట్టేది ఇలాగే: ఇనుప ముక్కల్ని బెల్లం నీళ్లలో ఊరబెట్టి తీసిన ద్రావణం, కరక్కాయ పట్టించిన గుడ్డ మీద తగిలితే నల్లగా తిరుగుతుంది. ఇనుము, బెల్లం, వగరు. ఈ పెనంలో వేసిందీ అవే మరి. ఇనుప మూకుట్లో పులుసు పెట్టకూడదని మన ఇళ్లలో ఎప్పటినుంచో అంటున్న మాటే, యాపిల్‌ను పులుపు కింద ఎవరూ లెక్కేయరు గనక ఇక్కడ గుర్తుకురాదు.

కోసిన యాపిల్ ముక్క బయట పెడితే గోధుమ రంగుకు తిరుగుతుందే, అది వేరు. అది ఎంజైము పని, వేడి తగిలితే ఆగిపోతుంది, నిమ్మరసం రాస్తే తగ్గుతుంది. ఇక్కడ నిమ్మరసం వేస్తే పెనం నుంచి ఇనుము ఇంకా ఎక్కువ దిగుతుంది. అందుకే నిమ్మరసం చెంచాడు వేయాలనుకుంటే ముక్కల్ని వేరే గిన్నెలోకి తీశాకే వేయాలి. తొక్కతో వండితే నలుపు ఇంకా ముందే వస్తుంది, వగరంతా ఎక్కువగా తొక్కలోనే ఉంటుంది కాబట్టి. కొత్త పెనంలో ఎక్కువ, నూనె పొరలు గట్టిపడిన పాత పెనంలో తక్కువ. కానీ పూర్తిగా పోయిన దాఖలా లేదు. పంచదారతో చేస్తే బూడిద రంగు వెంటనే తెలుస్తుంది, బెల్లం కొంత కప్పిపుచ్చుతుంది. తింటే ప్రమాదమేమీ లేదు, ఒంటికి ఐరన్ వస్తుందని సంతోషించేవాళ్లూ ఉంటారు. చుట్టాల ముందు పెట్టడానికి మాత్రం చేతులు రావు.

విరుగుడు ఒక్కటే: పొయ్యి కట్టేసిన నిమిషంలోపు ముక్కలు, రసం మొత్తం గాజు గిన్నెలోకో స్టీలు గిన్నెలోకో మార్చేయాలి. పెనంతోనే బల్ల మీదకు తెచ్చి వడ్డించడం చూడ్డానికి బాగుంటుంది, ఈ వంటకు పనికిరాదు. మరీ పట్టింపు ఉంటే పెనంలో వేయించడం వరకే చేసి, బెల్లం నీళ్లు పోసి మగ్గించే ఆ నాలుగు నిమిషాలూ స్టీలు గిన్నెలో కానివ్వొచ్చు. నలుపు ఇక కనపడదు, తోమాల్సిన గిన్నెలు రెండవుతాయి.

పైన వేడిని పట్టి ఉంచడాన్ని మెచ్చుకున్నాను కదా, దానికో సవరణ. పొయ్యి కట్టేసినా పెనం మరో ఐదు నిమిషాలు ఉడికిస్తూనే ఉంటుంది. సరిగ్గా ఉడికాయని దించిన ముక్కలు గిన్నెలో వడ్డించేసరికి గుజ్జవుతాయి. చాకు మొన గుచ్చితే మధ్యలో కాస్త గట్టిగా తగులుతుండగానే దించాలి. కావలసింది మెత్తటి గుజ్జే అయితే ఈ గుణమే మేలు చేస్తుంది.

కాయ ఎంపికలోనూ ఇదే చిక్కు. ఆకుపచ్చ గ్రానీ స్మిత్ ముక్క విరగదు, తీపికి ఎదురు నిలిచే పులుపుంటుంది, ఈ వంటకు చక్కటి కాయ. అంత పులుపున్నది గనక పెనంలో మిగిలితే నల్లబడటంలోనూ అదే ముందుంటుంది. ఫూజీ, గాలా తీపి కాయలు, నలుపు నెమ్మదిగా వస్తుంది, నిమ్మరసం తర్వాత కలుపుకోవాలి. జులై చివర్లో సిమ్లా కాయలు దిగినప్పుడు డెలీషియస్ రకం బాగానే నిలబడుతుంది. అదే రకం నెలల తరబడి కోల్డ్ స్టోరేజీలో ఉండి వేసవిలో బయటికొస్తే పిండిపిండిగా ఉంటుంది, తిప్పేలోపే చిదిగిపోతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకు హనీక్రిస్ప్ దొరుకుతుంది, ముక్క గట్టిగా నిలుస్తుంది.

కడగడం: అడుగున పట్టిన పాకాన్ని చల్లారనివ్వకుండా గ్లాసు నీళ్లు పోసి, ఒక్క పొంగు రానిచ్చి, చెక్క గరిటతో కదిపితే వచ్చేస్తుంది. చింతపండుతో తోమే అలవాటు ఇక్కడ వద్దు, నూనె పొర లేచిపోతుంది. వెంటనే తుడిచి, పొయ్యి మీద తడి ఆర్చి, రెండు చుక్కల వేరుశనగ నూనె పల్చగా రుద్ది పొగ వచ్చేదాకా కాల్చాలి. యాపిల్స్ వండిన ప్రతిసారీ ఇది తప్పదు. లేదంటే మర్నాడు దోసె అంటుకుంటుంది. ఇంకొకటి, ఇంగువ పోపు, చేపల వేపుడు ఇదే పెనంలో చేసేవాళ్లకు యాపిల్స్‌లో ఆ వాసన తగులుతుంది. సబ్బు పెట్టినా మొత్తం పోదు.

కొనాలా వద్దా అంటే నా లెక్క ఇది. ఇంట్లో ఇద్దరు ముగ్గురే ఉండి, దించగానే తినేసే అలవాటుంటే, గ్యాసు మీద వంటయితే, ఈ పెనం ఇచ్చే ఎర్రటి అంచు కోసం ఈ అవస్థంతా పడొచ్చు. నేను పడుతున్నాను. ఆరుగురికి రెండు కిలోలు చేసి పొయ్యి మీదే ఉంచేసి వచ్చినవాళ్లకు వచ్చినట్టు పెట్టే ఇంటికి మాత్రం మందపాటి అడుగున్న ట్రైప్లై (మూడు పొరల) స్టీలు పెనమే మేలు. ఎరుపు కాస్త తగ్గుతుంది, నలుపు బాధ అసలుండదు. మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు రెండోదే చూసుకోండి. ఇంట్లో దోసెలకు ఉన్న ఒకే ఒక్క ఇనుప పెనాన్ని దీనికి వాడమని చెప్పను.

మిగిలితే గాజు సీసాలో ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి, వేడి చేసేది స్టీలు గిన్నెలోనే. గట్టి పెరుగు మీదకీ, వెనీలా ఐస్‌క్రీమ్ మీదకీ కుదురుతాయి. ఓట్స్‌లో కలిపేటప్పుడు పాలు మరిగేటప్పుడు వేయొద్దు, బెల్లానికీ యాపిల్ పులుపుకీ విరిగిపోవచ్చు. దించి, కాస్త చల్లారాక పైన వేసుకోండి.