కంబోడియాలోని ఆంగ్కోర్ గుళ్లకి ఒకరోజు టికెట్టా, మూడు రోజులదా?

ధర: ఒకరోజుకి 37 డాలర్లు, మూడు రోజులకి 62. మూడు రోజులూ వరుసగా వాడక్కర్లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా సరే.

ఒకరోజులో: ఆంగ్కోర్ వాట్, బాయన్, తా ప్రోమ్. అదీ పరుగులే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆ నిటారు మెట్లెక్కడానికి ఓపికుండాలి.

మూడు రోజుల్లో: మధ్యాహ్నాలు రూమ్‌లో నడుం వాల్చొచ్చు. దూరంగా ఉన్న బాంతే స్రే కూడా కుదురుతుంది. 967 నాటి ఆ చిన్న గుడిలో గులాబీ రంగు ఇసుకరాతి మీద రావణుడు కైలాసాన్ని ఎత్తుతుంటే, పార్వతి శివుణ్ణి గట్టిగా పట్టుకుంటుంది, కింద ఏనుగులు, సింహాలు బెదిరి పారిపోతుంటాయి. మనకు తెలిసిన కథే, తీరిగ్గా చూడాలి.

బట్టలు: దేనికైనా భుజాలు, మోకాళ్లు కప్పాలి.

వియత్నాం ట్రిప్ మధ్యలో ఒక్కరోజు దొరికితే ఒకరోజు టికెట్ చాలు. అమ్మానాన్నలతో వెళ్తే మాత్రం మూడు రోజులదే తీసుకోండి.